చన్నీళ్ళ సాక్ష్యం

తిరువళ్ళూరు స్టేషన్ రోడ్డులో జిరాక్స్ కొట్టుకు పైనున్న గది డిటెక్టివ్ యువరాణి ఆఫీసు. ఆ ఆదివారం పొద్దున తిరుత్తణి రైలు దిగి వచ్చిన ఉషా కుర్చీ అంచున కూర్చుంది. ఆమె చూపుడువేలికి గుడ్డ కట్టు ఉంది.

"నన్ను దొంగంటా ఉండారక్కా. రేపు మా నాయన్ని పిలిపించి నన్ను పంపేస్తారంట."

శుక్రవారం ఆమె అత్తగారింట్లో అమ్మవారి పూజ జరిగింది. శనివారం తెల్లవారేసరికి పూజగది అల్మారా అద్దం పగిలి ఉంది, పూజకి అమ్మవారికి వేసే ఇంటి కాసుల హారం లేదు. నేల మీద రక్తపు చుక్కలు. పశువుల కొట్టం వెనక తీగ మీద రక్తం మరకలతో ఉషా పావడా, పక్కనే ఒక తువ్వాలు దొరికాయి.

"పావడా నాదే. శుక్రవారం పొద్దునే ముట్టయినాను. ఇంటినిండా చుట్టాలు, నైవేద్యం నేనే వండాల. భయపడి చెప్పలా. మధ్యాన్నం ఉతికి ఆరేసినా. తువ్వాలు నాది కాదక్కా. ఈ వేలు కత్తిపీటకి తెగింది. ఎవరూ నమ్మరు."

నిజం చెబితే మైల వంట వండిన కోడలు, చెప్పకపోతే దొంగ. యువరాణి సహాయకుడు మురళికి ఆ పిల్లను చూస్తే జాలేసింది, అనుమానమూ వేసింది. మేడమ్‌కు మాత్రం అనుమానమే ఉంటుందని, అది అందరి మీదా సమానంగా ఉంటుందని అతనికి ఎనిమిదేళ్ళ అనుభవం.

మధ్యాహ్నానికి ముగ్గురూ ఉషా అత్తగారి ఊరు చేరారు. మామగారు ద్వారకనాథ్ పూజగది చూపించాడు. యువరాణి గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికెళ్ళింది. చుక్కలన్నీ నేల మీదే ఉన్నాయి. అల్మారా మీద గానీ, పగిలిన అద్దం అంచున గానీ ఒక్కటి లేదు. తర్వాత రెండు గుడ్డలూ వెలుగులో పరిచింది. పావడా మీద కనీకనపడని లేతరంగు నీడ. తువ్వాలు మీద ఇటుకరంగు మరక గట్టిగా పట్టేసి ఉంది.

అత్తగారు గోవిందమ్మ మొహం ముడుచుకుని నిలబడింది.

"ఇట్లాంటి మరక మీ ఇంట్లో ఎట్లా పోగొడతారమ్మా?" అని అడిగింది యువరాణి.

"మొగోడి ముందర ఆ మాటలేంది?" అంది గోవిందమ్మ. మురళి గోడకేసి తిరిగాడు. ఆమె గొంతు తగ్గించింది. "వెంటనే చన్నీళ్ళలో వెయ్యాల. ఉప్పేసి రుద్దాల. కోడలిక్కూడా నేనే నేర్పినా."

ఉషాకు బావ అయిన పెద్దకొడుకు దినకర్ హాల్లో ఉన్నాడు. ఇంట్లోనూ సాక్సు వేసుకునే ఉన్నాడు.

"కాలి పగుళ్ళు మేడమ్, మందు రాసినా. హారం యాడ దాచిందో ఆమెనే అడగండి. ఎంత రక్తం కారిందో, మరిగే నీళ్ళల్లో ముంచినా ఆ తువ్వాలు మరక పోలా."

యువరాణి తలూపి, అందర్నీ హాల్లోకి పిలవమంది.

"ఆ రెండు గుడ్డలూ ఒక్క చేత్తో ఉతికినవి కావు" అంది. "పావడాను చన్నీళ్ళలో, ఉప్పుతో ఉతికారు. తువ్వాలును వేణ్నీళ్ళలో వేశారు. గుడ్డు ఉడికితే గట్టిపడినట్టు, వేడి తగిలితే రక్తం నూలును పట్టేస్తుంది. నెలనెలా ఉతుక్కునే ఆడది ఆ పొరపాటు చెయ్యదు. జన్మలో ఒక్క మరకా ఉతకనివాడు చేస్తాడు."

ఆమె పూజగది గడప వైపు చెయ్యి చూపించింది.

"దొంగ వేలు తెగి ఉంటే అద్దం అంచున రక్తం ఉండేది. తెగింది కాలు, నేల మీద పడ్డ గాజుపెంకు తొక్కి. దొంగతనానికి వెళ్ళినవాడు కూడా పూజగది గడప ముందు చెప్పులు విడిచాడు. ఆ మాత్రం భక్తి ఈ ఇంటివాళ్ళకే ఉంటుంది. తువ్వాలుతో కాలు తుడుచుకుని, స్నానాల బాయిలర్‌లో మరిగే నీళ్ళలో ముంచి, మరక పోకపోయేసరికి ఈమె పావడా పక్కన ఆరేశాడు. దాన్ని మరిగే నీళ్ళలో ముంచారని నాకెవరూ చెప్పలేదు, దినకర్ గారూ, మీరు తప్ప. సాక్సు తీస్తారా?"

అతను తీయలేదు. తండ్రి లేచి దగ్గరికొచ్చాక తీశాడు. మడమ మీద కోత ఇంకా పచ్చిగా ఉంది.

"నిన్నగాక మొన్న వచ్చిన కోడలికి హారమిస్తానంటివే అమ్మా!" దినకర్ తల్లి వైపు తిరిగాడు. "నేనుండానని నీకు గుర్తే లేదా?"

అతని గదిలోని వేరుశనగ మూటలో హారం దొరికింది. ద్వారకనాథ్ దాన్ని భార్య చేతిలో పెట్టి, కొడుకు వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఉషా గోడకు ఆనుకుని ఏడుస్తోంది. "వంట విషయం నిజమే అత్తా. చెప్పకపోవడం తప్పే."

గోవిందమ్మ చేతిలోని హారం వైపు చూసింది. "నా పెండ్లయిన ఏడు ఇదే పూజకి నేనూ చెప్పలా" అంది. "మా అత్త పోయేదాకా భయపడతానే ఉన్నా."

ఆమె హారాన్ని కోడలి ఒడిలో పెట్టింది. పావడా అందుకుని, కొట్టం వైపు కాకుండా వీధి వాకిట్లోకి నడిచి, ఎండ బాగా పడే తీగ మీద నిండుగా పరిచి ఆరేసింది.