తేగు బజారు ఉత్తరాలు

ఆ రోజు పొద్దున ఎలీసబెతు వాకిట్లో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. అత్త మగ్దలేనమ్మ అరుగు మీద ఎండకు వీపు పెట్టి మోకాళ్లకు నూనె రాసుకుంటోంది. "ఇయ్యాల పప్పు వండనా?" అని కోడలు అడిగితే, "ఏదైనా సరే" అంది అత్త. రెండేళ్లుగా ఆ ఇంట్లో అంతకు మించిన మాట నడవడం లేదు.

హుజూరాబాద్ ఊరి చివర మిషన్ వాడలో అది రెండో ఇల్లు. మగ్దలేనమ్మ కొడుకు ఏలియా దవాఖానలో గాయాలకు కట్లు కట్టే పని నేర్చుకుని, ఆ పని మీదే మిలిటరీలో చేరాడు. 1950 ఎండాకాలంలో ఎలీసబెతుతో పెళ్లయింది. ఆ చలికాలంలోనే కొరియాలో యుద్ధం జరుగుతోందని, అక్కడి గాయపడ్డవాళ్లకు వైద్యం చేయడానికి మన దళం పోతోందని హుకుం వచ్చింది. అతను ఓడ ఎక్కేనాటికి ఆమెకు అయిదో నెల.

మూడున్నర ఏళ్లు కావస్తోంది. యుద్ధం ఆగింది, మనవాళ్లు తిరిగి వస్తున్నారు అన్నారు గాని ఎప్పుడో ఎవరూ చెప్పలేదు.

గేటు చప్పుడైతే ఎలీసబెతు తల ఎత్తింది. భుజం మీద ఇనప పెట్టెతో ఏలియా నిలబడి ఉన్నాడు. చెంపలు లోపలికి పోయాయి. చెవుల పక్కన జుట్టు తెల్లబడింది. ముప్పై కూడా నిండని మనిషి.

"వందనాలు అవ్వా," అన్నాడు.

మగ్దలేనమ్మ లేవబోయి లేవలేక గోడ పట్టుకుంది. "వచ్చినవా కొడుకా," అని మాత్రం అంది. కొడుకు ముఖం వంక చూడలేదు.

అతను పెట్టె దించి, భార్య వైపు చూసి సిగ్గుగా నవ్వాడు. తర్వాత ఇంట్లోకి తొంగి చూశాడు.

"రూతు ఏది? ఇంక లేవలేదా? మూడేండ్లు నిండినయి గదా. నన్ను చూస్తే బెదరుతదేమో."

ఎలీసబెతు చేతిలో చేట ఆగిపోయింది. అతనేదో పరాచికం ఆడుతున్నాడనుకుంది. అతని కళ్లు చూశాక అది పరాచికం కాదని తెలిసింది గాని, మరేమిటో తెలియలేదు. చేట పక్కన పెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఏలియా వెనకాలే వచ్చాడు. "ఏమైంది? మీ అవ్వగారింట్ల ఉన్నదా?"

"తెల్వనట్టు అడుగుతున్నవా?" ఆమె గోడ వైపు తిరిగే అంది. "పిల్ల సచ్చి రెండేండ్లు దాటింది. నీకు రాయిస్తే నువ్వేం జవాబు రాసినవో యాదికి లేదా? బజారుకు పోయిన అని రాసినవు. ఆపిల్ పండ్లు కుప్పలు పోసిండ్రు అని రాసినవు."

అతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

ఎలీసబెతుకు చదువు రాదు. ఉత్తరం వచ్చినప్పుడల్లా మగ్దలేనమ్మ దాన్ని తీసుకుని బడిపంతులు సమ్మయ్య దగ్గరికి పోయేది. ముందు తాను ఒక్కతే విని, ఆదివారం ప్రార్థన అయ్యాక వాడవాళ్లందరి ముందు చదివించేది. అన్నీ ఒకే రకం ఉత్తరాలు. తేగు అనే పెద్ద పట్నంలో మా దవాఖాన ఉంది. సెలవు దొరికితే పట్నం చూడటానికి పోతాను. ఊరి నడుమ పాత మట్టికోట ఉంది, దాని మీద ఎక్కితే కప్పులన్నీ కనిపిస్తాయి. వాగు ఒడ్డున ఆడవాళ్లు బట్టలను కట్టెలతో బాదుతారు. పడమటి బజారు ఎంత పెద్దదంటే, మన హుజూరాబాద్ అంగడి దాంట్లో ఒక మూలకు వస్తుంది. ఒక వరుసంతా పట్టుబట్టలే, ఒక వరుసంతా ఎండుచేపలే, ఒక వరుసంతా ఇత్తడి గిన్నెలే.

"మీ ఏలియా రాజా లెక్క తిరుగుతుండు," అనేవాళ్లు వాడవాళ్లు. ఎలీసబెతు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ వినేది. తన పేరు ఎక్కడైనా వస్తుందేమోనని చూసేది. రాకపోతే, అందరి ముందు చదివే ఉత్తరంలో పెళ్లాం పేరు ఎట్లా రాస్తాడులే అని సర్దుకునేది.

తర్వాత పది నెలల రూతుకు జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో పిల్ల పోయింది. "నేను రాయిస్త, నువ్వు పండుకో," అంది అత్త. రెండు నెలలు ఎదురుచూస్తే జవాబు వచ్చింది. సమ్మయ్య సారు చదివాడు. ఆపిల్ పండ్ల కుప్పల దగ్గరికి వచ్చేసరికి ఎలీసబెతు లేచి ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత ఏ ఉత్తరం వినడానికీ పోలేదు. పిల్ల గురించి ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడవలసిన మనిషి బజార్లు చూస్తుంటే, ఇంకెవరితో ఏం మాట్లాడుతుంది?

ఇప్పుడు ఏలియా మెల్లగా బయటికి వచ్చి తల్లి ముందు కూర్చున్నాడు.

"అవ్వా, రూతు నడుస్తుంది అని రాయించినవు. మాటలు వస్తున్నయి అని రాయించినవు. ఫొటో పంపుమంటే, ఫొటో తీసేటోడు ఈడ లేడు అన్నవు."

మగ్దలేనమ్మ చేతికంటిన నూనెను కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది.

అతను పెట్టె తాళం తీసి ఒక్కొక్కటి బయట పెట్టాడు. లోపల దూది పెట్టి కుట్టిన చిన్న టోపీ. రంగురంగుల పట్టీల చేతులున్న పట్టు అంగీ. రెండు గుప్పెళ్లంత ఇత్తడి గిన్నె, దానికి తగ్గ చెంచా. మూడేళ్ల పిల్లకు సరిపడే గౌను. ఎలీసబెతు తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"గీ అంగీ కొనంగ అమ్మే ముసలామె 'ఎంత పిల్ల' అని సైగ చేసింది," అన్నాడు. "నాకు తెల్వదు. గాలిలో చెయ్యి పెట్టి గింత ఉంటదేమో అని చూపిన. ఆమె నవ్వి, చెయ్యి జర పైకి జరిపింది. ఆమె ఇల్లు కూలిపోయిందట, కొడుకులు ఎటు పోయిండ్రో తెల్వదట, సైగలతోనే చెప్పింది. దుకాణం అంటే నేల మీద పరిచిన గోనెసంచే. సెలవు దొరికినప్పుడల్లా పోయి ఆమె పక్కన కూసునేటోన్ని. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. బేరాలాడే ఆడోళ్ల గొంతులు వింటుంటే మాత్రం ఇంటికాడ ఉన్నట్టుండేది."

"ఇవన్నీ కొన్నట్టు ఒక్కనాడన్న రాసినవా?" అంది ఎలీసబెతు.

"పిల్లకు ఏడాది నిండినకాడికెంచి ప్రతి ఉత్తరంల రాసిన."

ఆమె అత్త వైపు చూసింది. మగ్దలేనమ్మ లోపలికి పోయి రేకుడబ్బా తెచ్చి కొడుకు ఒళ్లో పెట్టింది. ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి. అతను ఒకటి విప్పి చదివాడు. ఆపిల్ పండ్ల ఉత్తరమే అది. కుప్పల సంగతి అయ్యాక ఇంకా నాలుగు వరుసలు ఉన్నాయి. 'ఎలీసబెతుకు చెప్పు అవ్వా, రూతుకు పళ్లు మొలిస్తే నమలడానికి ఇట్లాంటి పండు ఒకటి ఉంటే బాగుండు అనుకున్నాను. ఇద్దరూ నా కళ్ల ముందే మెదులుతున్నారు. ఎలీసబెతు తిండి మానొద్దని నా మాటగా చెప్పు.'

"గా మాటలు చదవొద్దని నేనే అన్న," అంది మగ్దలేనమ్మ. "సమ్మయ్య సారు గట్ల దాచొద్దన్నడు, పాపం అన్నడు. నేనే కాళ్లు పట్టుకున్న."

"ఎందుకత్తా?" ఎలీసబెతు అరవలేదు. అరిచినా బాగుండేది అనిపించింది మగ్దలేనమ్మకు.

"మొదలు వచ్చిన ఉత్తరం నీకు వినిపియ్యలేదు బిడ్డా. మంచుల శవాలను తొక్కుకుంట పోయినమని రాసిండు. తన చేతులల్లనే పిలగాండ్లు పోతుండ్రని రాసిండు. పుట్టేటి పిల్లను తల్సుకుంటనే అడుగు ముందుకు పడుతుంది, లేకుంటే ఆడనే కూలబడ్తును అని రాసిండు. నువ్వు కడుపుతోని ఉంటివి, నీకెట్ల చెప్పుదు? ఇట్లాంటివి రాయకు, చూసినవి కొన్నవి మంచిగ రాయి అని రాయించిన. అట్లనే రాసిండు. పిల్ల పోయినంక... గా ఒక్క దారం గూడ నేనే తెంపాల్నా అనుకున్న. వాడు తిరిగి వస్తే చాలు, తర్వాత నన్ను కొట్టినా పడ్త అనుకున్న."

ఎలీసబెతు నేల మీద కూర్చుండిపోయింది. రెండేళ్లు తాను ఈ మనిషిని ద్వేషిస్తూ పడుకుంది, ద్వేషిస్తూ లేచింది. అదే రెండేళ్లు అతను భాష తెలియని ఊళ్లో, లేని పిల్లకు కొలతలు గాలిలో చూపిస్తూ తిరిగాడు. ఇదే ఇంట్లో, చేతికందేంత దూరంలో, ఈ ముసలామె అబద్ధాన్ని ఒక్కతే మోసింది. ముగ్గురిలో ఎవరికీ ఇంకొకరు తోడు లేరు.

ఏలియా ఉత్తరం మడిచి డబ్బాలో పెట్టి అడిగాడు, "ఏడ పెట్టిండ్రు?"

"చూపిస్త, రా," అని ఆమె లేచింది.

మిషన్ గుడి వెనక సమాధుల దొడ్డి. గోడ వారగా జానెడు మట్టిదిబ్బ, చుట్టూ గులకరాళ్లు. ఏలియా అక్కడ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎందరికో కట్లు కట్టిన చేతులు, ఏం చేయాలో తెలియక ఒళ్లో పడి ఉన్నాయి. చివరకు మట్టిలో ముఖం పెట్టి ఏడ్చాడు. ఎలీసబెతు అతని వీపు మీద చెయ్యి వేసింది. తన కన్నీళ్లు కూడా ఇన్నాళ్లకు వచ్చాయి.

"ఎట్ల ఉండేది?" అన్నాడు అతను.

ఆ మాట తననెవరూ అడగలేదు. ఆమెకు ఎక్కడ మొదలు పెట్టాలో తెలియలేదు.

"నీ లెక్కనే. చెవులు పెద్దయి. ఎడమ పక్కనే పండుకునేది. కాకి అరిస్తే నవ్వేది. ఎవలు ఎత్తుకున్నా పోయేది గని, గడ్డం ఉన్నోళ్లను చూస్తే ఏడ్చేది." మాట వెనక మాట వచ్చింది. స్నానం పోస్తే నీళ్లు పట్టుకోబోవడం, ప్రార్థనలో అందరూ ఊరుకున్నప్పుడు కూత పెట్టడం, బోర్లా పడ్డ రోజు. అతను ఒక్క మాట కూడా పోనీయకుండా విన్నాడు.

దొడ్డి గేటు దగ్గర మగ్దలేనమ్మ నిలబడి ఉంది. లోపలికి రాలేదు, వెనక్కి పోలేదు. ఎలీసబెతు ఆమెను చూసింది. కోపం పోలేదు. అది ఇంకా చాలా రోజులు ఉంటుందని కూడా ఆమెకు తెలుసు. అయినా ఆ నడుం వంగిన మనిషి అక్కడ ఒంటరిగా నిలబడటం చూడలేకపోయింది.

"అత్తా," అని పిలిచింది. "మొదటి పన్ను చూసింది నువ్వే గదా. గది నువ్వొచ్చి చెప్పు."

మగ్దలేనమ్మ గోడ పట్టుకుని, మెల్లమెల్లగా లోపలికి వచ్చింది. కోడలు పక్కకు జరిగి చోటిచ్చింది.