తెల్లరాతి బొమ్మకు పసుపు

అమలాపురంలో దీపాలు పెట్టేక మిషను కాలేజీ వారి బొమ్మల బంగళా వైపు ఎవరూ వెళ్ళేవారు కారట. దొరలు దేశదేశాల వింతలు తెచ్చి అందులో పెట్టేరు — చీనా జాడీలు, నూనెరంగుల పటాలు, పాడుబడ్డ గుళ్ళలోని రాతి నాట్యగత్తెలు, రోము నుంచి వచ్చిన తెల్లరాతి ఆడబొమ్మ. పగలు జనం నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూసేవారు. రాత్రయితే మాత్రం... ఓడలరేవు నుంచి దొరలు బండికెత్తి తెచ్చిన గ్రామదేవత మరిడమ్మ లోపల తిరుగుతోందనేవారు.

కాపలాదారు దానం నవ్వేసేవాడు. కొత్తగా కిరస్తానం పుచ్చుకున్నవాడు — అలాంటివి నమ్మకూడదు.

ఓ పొద్దున తెల్లరాతి బొమ్మ ముఖమంతా పసుపు.

కడిగేడు. మర్నాడు మళ్ళీ పసుపు — ఈసారి పాదాలకి కూడా.

కాలేజీ పెద్దదొర వచ్చి చూసేరు.

"నీ పాత బుద్ధి పోలేదన్నమాట."

"ఆయ్, నేను కాదండి—"

"ఒక తాళంచెవి నీ దగ్గరుంది. రెండోది మా ఇంట్లో. మా ఇంట్లో పసుపు ఎవరు రాస్తారు? రేపు మళ్ళీ కనబడితే నువ్వు ఉండవు."

ఆ సాయంత్రం భార్య సత్తెమ్మ గొంతు తగ్గించి అంది. "దెయ్యమేనేమో. పోనీ, మానేసి వచ్చెయ్యి."

"వచ్చేసి ఏం తింటాం? మతం మారినందుకు పాత కామందు పొలంలో అడుగు పెట్టనిస్తాడా?" అని, మళ్ళీ, "అయినా మన దెయ్యమైతే ఆ బొమ్మకెందుకు రాస్తుందే?" అన్నాడు.

ఆ రాత్రి బంగళాలో దీపం ఆర్పి, పెద్ద జాడీ చాటున కూర్చున్నాడు.

చీకట్లో నాట్యగత్తెలు ఊపిరి బిగబట్టినట్టు ఉన్నారు. బయట కొబ్బరాకులు గలగలమన్నాయి... ఆగేయి. తాళం తిరిగింది.

తెల్లటి ఆకారం లోపలికొచ్చింది. అడుగుల చప్పుడు లేదు — పచ్చి పసుపు వాసన మాత్రం వచ్చింది. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని దానం చూసేడు. లేవు. ముందుకే ఉన్నాయి... సున్నం కొట్టినంత తెల్లగా.

"ప్రభువా!" అన్నాడు, ఆపుకోలేక.

ఆకారం ఉలిక్కిపడింది. చేతిలో పసుపు గిన్నె.

"దానం... దొరతో చెప్పకు."

దొరసాని! చెప్పులు గుమ్మం బయట విప్పి, ఉత్త కాళ్ళతో.

"బాబుకి అమ్మవారు పోసింది. అమ్మ ఈ బంగళాలోనే ఉంది, పసుపు పెట్టమని ఆయా చెప్పింది. పెడుతూనే ఉన్నాను. ఒళ్ళు ఇంకా కాలిపోతోంది, దానం."

దానం తెల్లరాతి బొమ్మ వైపు చూసేడు. చక్కటి ముక్కు, కళ్ళు, తలమీద కిరీటం. ఈ బంగళాలో అమ్మ ఎవరని వెతికితే, పాపం, ఆవిడకి ఇదే దొరికింది.

ఊరుకుంటే సరిపోయేది. బొమ్మ తుడిచేస్తే ఉద్యోగం నిలుస్తుంది. అమ్మవారి పేరు ఎత్తనని గోదాట్లో మునిగి మాటిచ్చేడు కూడా.

"ఈవిడ కాదండి, దొరసానిగారూ."

గుమ్మం దగ్గరికెళ్ళేడు. తలుపు గాలికి కొట్టుకోకుండా దొర అడ్డం పెట్టించిన గుండ్రాయిని రెండు చేతులా ఎత్తి, ఆవిడ ముందు దింపేడు.

"మరిడమ్మ... ఈవిడండి."

దొరసాని మోకాళ్ళ మీద కూర్చుంది. పసుపు వేళ్ళు గాలిలో తడుముకున్నాయి.

"ముఖం ఎక్కడ, దానం?"

"తమరు ఎక్కడ రాస్తే అక్కడేనండి."