ఇది కలేనని నాకు తెలుసు

మిట్టమధ్యాహ్నం...! మనిషి నీడ మనిషి కాళ్ళ కిందికి దూరి దాక్కునే వేళ! ఆకాశం కాగిన పెనంలా భగభగమంటోంది. వరుసగా మూడో ఏడు కూడా వాన మొహం చాటేసింది. ఉరవకొండకు ఆమడ దూరంలో ఉన్న నల్లబండపల్లె మీద దిక్కులు పిక్కటిల్లేలా ఉరుములు ఉరుముతున్నాయి... కానీ ఒక్క చినుకు లేదు! గుట్ట నెర్రెలోంచి పట్టపగలు ఒక గుడ్లగూబ కర్ణకఠోరంగా అరిచింది...

ఆ గుట్ట గుహలో, కపాలం ముందు, పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు చెన్నప్ప. 'స్వప్నాధిపతి' అని తనకు తానే బిరుదు తగిలించుకున్న మహానుభావుడు! ఒంటినిండా చితాభస్మం, మెడలో ఎముకల దండ, నుదుట బొటనవేలంత కుంకుమ! ఎదురుగా ఉన్న కపాలం ఏదో మహాయోగిదని ఊరంతా నమ్మేది. నిజానికది కలరా తగిలి దారి పక్కన చచ్చిన ఎవరో అనామకుడిది. దాన్ని తవ్వితీసిన నాడు ఈ స్వప్నాధిపతి భయంతో పంచె తడుపుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరు గనక ఆ సంగతి ఊరికి తెలియలేదు.

వాన కురిపించలేడు. తన పంటిపోటు తను మాన్పుకోలేడు. అయితే ఒక్క క్షుద్రవిద్య మాత్రం అతనికి నిజంగానే పట్టుబడింది. పన్నెండేళ్ళ కింద ఒక స్వప్నపిశాచిని ఉపాసించాడు. తన చేతి భస్మం రెప్పలకు రాసుకుని పడుకున్నవాళ్ళ కలలోకి, ఆ పిశాచి అండతో, దొంగలా చొరబడగలడు! చచ్చినవాళ్ళ రూపం ధరించి మాట్లాడగలడు!

ఆ పిశాచి ఇప్పుడు ప్రతిఫలం అడిగింది...

"తొలిచూలు బిడ్డ... కన్నతల్లి చేతుల మీదుగా! అమావాస్య లోపల...! లేదా, నువ్వు!"

తన చేతికి రక్తం అంటకుండా ఆ పని జరిగే మార్గం చెన్నప్పకు తట్టింది. అంతటి పిరికివాడికి అలాంటి ఆలోచనే తడుతుంది.

అక్కమ్మ అనే పాతికేళ్ళ వితంతువు ఊళ్ళో ఉంది. మొగుడు లక్ష్మన్న ఏడాది కింద విషజ్వరంతో పోయాడు. ఎనిమిది నెలల తొలిచూలు ఆడబిడ్డను ఒళ్ళో పెట్టుకుని, మొగుడి మొహం ఒక్కసారి చూస్తే చాలని ఏడ్చే అమాయకురాలు. చెన్నప్ప ఆమెను గుహకు పిలిపించాడు. భస్మం రాశాడు. ఆమె పడుకుంది...

లక్ష్మన్న వచ్చాడు! అదే నవ్వు, అదే భుజమ్మీది కంబళి!

"ఇది కలే అక్కమ్మా. నీకు తెలుసు గదా?" అన్నాడు.

"తెలుసు. ఇది కలేనని నాకు తెలుసు," అంది అక్కమ్మ. కలలో ఉండి కూడా కలను గుర్తుపట్టానని ఆమెకు ఎంత గర్వమో!

రెండో రోజు భస్మం పొట్లం ఇంటికే ఇచ్చి పంపాడు చెన్నప్ప. ఆ మధ్యాహ్నం కలలో లక్ష్మన్న చేతులు చాచాడు. "బిడ్డను ఒక్కసారి నాకియ్యి. కలే గదా... ఏమీ కాదు."

మూడో రోజు...

అక్కమ్మ అక్క సుంకమ్మ గొర్రెలను తోలుకుని ఎండిన దిగుడుబావి పక్కగా వస్తోంది. మొగుడూ పిల్లలూ లేని మనిషి, మాట కటువు, చెయ్యి బలం. బావి గట్టు మీద చెల్లెలు కనిపించింది. కళ్ళు తెరుచుకునే ఉన్నాయి... రెప్ప పడటం లేదు! రెండు చేతులతో బిడ్డను బావి మీదికి చాచి పట్టుకుంది! అడుగున ఎనిమిది నిలువుల లోతులో రాళ్ళు...!

సుంకమ్మ చేతికర్ర పారేసి పరుగెత్తింది. ఒక చేత్తో బిడ్డను లాక్కుంది, ఇంకో చేత్తో చెల్లెలి జుట్టు పట్టి వెనక్కి ఈడ్చింది. బిడ్డ కెవ్వుమంది. అక్కమ్మ మాత్రం నవ్వుతోంది!

"ఇడువక్కా... ఎందుకంత గాబరా? ఇది కలే. నాకు తెలుసు."

ఆ నవ్వు చూసి, పాముకైనా తోడేలుకైనా బెదరని సుంకమ్మ నిలువెల్లా వణికిపోయింది.

"కలైతే నీ ఒళ్ళు యాడ పండుకోనుండాది? చెప్పు!"

"ఒళ్ళా...?"

"యాడ పండుకున్నావ్? సాప మీదనా, నేల మీదనా? తలాపున ఏముండాది?"

అక్కమ్మ నుదురు ముడిపడింది. వెతికింది... ఎంత వెతికినా దొరకలేదు. ఎలా దొరుకుతుంది? ఆ ఒళ్ళు బావి గట్టు మీదే నిలబడి ఉంది! సుంకమ్మ ఆమె చెంప మీద ఒక్కటి చరిచింది. అప్పుడు మెలకువ వచ్చింది అక్కమ్మకు. బావిని చూసింది, బిడ్డను చూసింది... ఆమె గొంతులోంచి వెలువడిన ఆర్తనాదానికి గొర్రెలు చెల్లాచెదురయ్యాయి!

చెల్లెలి ఏడుపు తగ్గాక సంగతంతా విని, సుంకమ్మ చెప్పింది.

"నాకు చిన్నప్పట్నుంచీ ఉండాది ఇది. కలలో ఉంటానే కలని తెలుస్తాది. ఒళ్ళు యాడ పండుకోనుందో, వీపు కింద ఏ రాయి గుచ్చుకుంటాందో అంతా గ్యాపకముంటాది. అట్ల తెలిసినప్పుడు కలలో ఎవురేం చెప్పినా వినబుద్ధి కాదు. ఛీ పో అంటా. నువ్వు కలని నోటితో అన్నావు గానీ వాడు ఆడించినట్లల్లా ఆడినావు. అది తెలియడం కాదు. ఆ మాట కూడా వాడు నీ నోట్లో పెట్టిందే."

"వాడెవుడక్కా? లక్ష్మన్నే గదా..."

"లక్ష్మన్న కన్నబిడ్డను బాయిలో యెయ్యమంటాడా? ఆ గుట్ట మీది బూడిద నాకొడుకు!"

మరుసటి మధ్యాహ్నం సుంకమ్మ ఒంటరిగా గుట్టెక్కింది. ఆ రోజు అమావాస్య! గుహలో చెన్నప్ప చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడు.

"సామీ, మా నాయనను చూడల్ల. నాకూ పుయ్యి ఆ బూడిద."

చెన్నప్ప కళ్ళు మెరిశాయి! ఈమెను లొంగదీసుకుంటే బిడ్డను చెల్లెలి ఒళ్ళోంచి ఈమే తెచ్చి ఇస్తుంది. ఆ తల్లిని ఎలాగో తిరిగి లొంగదీయవచ్చు... భస్మం రాశాడు. సుంకమ్మ పడుకుంది...

చీకటి! చీకట్లో గొర్రెల మంద! మంద నడుమ చచ్చిపోయిన తండ్రి!

"బిడ్డా సుంకమ్మా... ఇది కలే. నీకు తెలుసు గదా?"

సుంకమ్మ తన ఒళ్ళు ఎక్కడుందో తలుచుకుంది. గుహ బండ, ఎడమ భుజం కింద గులకరాయి, రెప్పల మీద బూడిద దురద... అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. తండ్రి రూపాన్ని తెరలా పక్కకు నెట్టి దాని వెనక చూసింది. అక్కడ, కపాలం పట్టుకుని, నక్కి కూర్చున్నాడు చెన్నప్ప!

"ఓసీ పాపిష్టిదానా! ఎంత ధైర్యం! భస్మీపటలం చేస్తాను!" అని గర్జించాడు.

నాగుపాములు బుసలు కొడుతూ లేచాయి! అగ్నిజ్వాలలు చుట్టుముట్టాయి! కపాలం కళ్ళలోంచి నెత్తురు కారింది! సుంకమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, జాతరలో పగటివేషం చూసినట్టు చూసింది.

"అయిపోయిందా? ఇంకేమన్నా ఉండాదా?"

పాములు బిత్తరపోయి పొగలా విడిపోయాయి.

"చెన్నప్పా, ఒక మాట అడుగుతా. నువ్వు యాడ పండుకోనుండావు?"

"నేనా! నేను స్వప్నాధిపతిని! నాకు నిద్రేమిటి! ఇది కలేనని నాకు తెలుసు!"

"మా చెల్లెలూ అదే అనె. నీ ఒళ్ళు యాడుండాదో చెప్పప్పా."

చెన్నప్ప నోరు తెరిచాడు. గుహ... అవును, గుహలోనే... కూర్చున్నాడా? పడుకున్నాడా? ఎప్పటినుంచి? ఈ రోజు లేచాడా? నిన్న లేచాడా? తడుముకున్నాడు. ఏదీ చేతికి చిక్కలేదు! పన్నెండేళ్ళుగా ఎందరి కలల్లోనో దూరి, కలని తనకొక్కడికే తెలుసునని విర్రవీగిన ఆ మహామాంత్రికుడికి తన ఒళ్ళెక్కడుందో తెలియదు!

అప్పుడు అతని చేతిలోని కపాలం పకపకా నవ్వింది...

"నీకు తెలుసని చెప్పింది ఎవరురా? నేను! పన్నెండేళ్ళుగా నీ నోట ఆ మాట పలికించింది ఎవరు? నేను! నువ్వు నన్ను ఉపాసించావా! నిన్ను ఒక్కనాడైనా మేలుకోనిచ్చానా! పొద్దు వాలుతోంది... బిడ్డ రాలేదు!"

"దయచూడు తల్లీ! ఇదిగో, దీన్ని తీసుకో!" అంటూ సుంకమ్మ వైపు చెయ్యి చూపాడు.

"అది నాకు దొరకదురా, మూర్ఖుడా! దాని మెలకువ దాని దగ్గరే ఉంది!"

ఆ మాట మాత్రం పిశాచి కొంచెం భయంగానే అంది. సుంకమ్మకు ఇక అక్కడ పని లేదనిపించింది. భుజం కింది గులకరాయిని మనసులో పట్టుకుని కళ్ళు తెరిచింది.

గుహలో చెన్నప్ప లేచి నిలబడి ఉన్నాడు. కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి! పెదవుల చివర నురగ! గోడలు తడుముకుంటూ బయటికి నడిచాడు. గుట్ట కొనమీదికి, నిట్టనిలువు బండ అంచుకు చేరాడు. పగబట్టి వచ్చినదే అయినా, సుంకమ్మ వెంటపడింది.

"చెన్నప్పా, నిలబడు! ఇది కల కాదు! ఒళ్ళు కిందికి పోతే ముక్కలైతావు!"

అతను వెనక్కి తిరిగి, ఎంతో తిరస్కారంగా నవ్వాడు.

"కలలో ఆడది... నాకు చెప్పొచ్చింది! ఎగిరితే సరి, మేలుకుంటాను! ఇది కలే! నాకు తెలుసు!"

రెండు చేతులూ రెక్కల్లా చాచి, గాలిలో అడుగు వేశాడు...!

అరుపు కూడా లేదు. తనకేమీ కాదన్న నమ్మకం కదా! కింద బండల మీద ఒక్క చప్పుడు... అంతే!

ఊరి మొదట్లో సర్కారు వాళ్ళు కరువు గంజి పోస్తున్న వేళ అది. వంద మంది చెంబులూ సత్తు గిన్నెలూ పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. అందరూ ఆ చప్పుడు విన్నారు. తల తిప్పి చూశారు. నిన్నటిదాకా అతని కాళ్ళకు మొక్కినవాళ్ళే అందరూ.

"ఎవురప్పా పడినారు?" అని అడిగింది ఒక ముసలమ్మ.

"చెన్నప్ప సామి మాదిరి ఉండాడు," అన్నాడు ముందు నిలబడిన రంగన్న.

"పోయి చూస్తావా?"

రంగన్న గుట్ట వైపు చూశాడు. గంజి గుండిగ వైపు చూశాడు. గుండిగలో గంజి అడుగుకు వచ్చేసింది.

"వరుస తప్పుతాది," అన్నాడు.

ఒక్కరూ కదల్లేదు. కాసేపటికి గుట్ట దిగి వచ్చిన సుంకమ్మ, బిడ్డను ఎత్తుకున్న చెల్లెలి పక్కన, అందరికంటే చివర నిలబడింది.