లేవని చేతులు

ఉదయం ఆరున్నరకి యుద్ధవిద్య శిక్షణ హాలు తలుపు తీశారు. చాప మీద మాస్టారు బోర్లా పడి ఉన్నారు. మెడకి కొలత టేపు బిగిసి ఉంది.

టైలర్లు వాడే టేపు. టైలర్ ఆయన అల్లుడే. నిన్ననే మామతో గొడవపడ్డాడు. ఇంకేముంది, మధ్యాహ్నానికల్లా లాకప్‌లో ఉన్నాడు.

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ మళ్లీ హాలుకి వచ్చింది. గుమ్మం మీది బోర్డు చూడగానే ఆమెకి ఒళ్లు మండింది. మాస్టారి పేరు చెరిపేసి సీనియర్ శిష్యుడు తన పేరు రాయించుకున్నాడు. రంగింకా ఆరలేదు. శవం మార్చురీ నుంచి రానే లేదు!

సీనియర్ కొత్త యూనిఫాంలో ఎదురొచ్చాడు. కళ్లొత్తుకున్నాడు.

"నాకు కన్నతండ్రి పోయినట్టే మేడమ్."

తలుపు దగ్గర మాస్టారి కూతురు నిలబడి ఉంది. తండ్రి మార్చురీలో, మొగుడు లాకప్‌లో. ఏడవడానికి కూడా ఆమెకి ఓపిక లేదు.

"మెడకి ఉరి బిగిస్తే మనిషేం చేస్తాడు?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"చేతులతో లాక్కుంటాడండీ."

"మాస్టారి మెడ మీద ఒక్క గోటి గాటు లేదేం?"

"వయసైపోయింది కదా."

"నిన్న క్లాసులో నిన్నే ఎత్తి పడేశాడట?"

సీనియర్ యూనిఫాం సర్దుకున్నాడు.

"ఆయన రెండు జబ్బల మీదా కండ ఎర్రగా కమిలింది. అదెలా?"

అతను తేలిగ్గా నవ్వాడు. "ఓస్, అదా! దగ్గరి పోరులో కండ మీద కొడతాం. చెయ్యి మొద్దుబారి వేలాడిపోతుంది. ఇక్కడ అందరికీ ఉంటాయండీ ఆ మచ్చలు. చూడండి."

చొక్కా చేతులు పైకి మడిచాడు. పసుపు, ఆకుపచ్చ రంగుల్లో పాత మచ్చలు. శవాన్ని చూసిన డాక్టరు కూడా మాస్టారి మచ్చలు మామూలేననుకుని వదిలేశాడు.

"నిన్నెవరు కొట్టారు?"

"మాస్టారే."

"మిగతావాళ్లని?"

"మాస్టారే."

"మరి మాస్టారిని?"

అతని వేళ్లు మడత మీదే ఆగిపోయాయి.

కూతురు నోరు విప్పింది. "గురువు ఒంటి మీద శిష్యుడి చెయ్యి పడకూడదు మేడమ్. దెబ్బ గాల్లోనే ఆపాలి. అది ఈ హాలు కట్టుబాటు. ఎదుటివాడి కండ చంపడం నాన్న ఇతనికొక్కడికే నేర్పాడు. మా ఆయనకి పిడికిలి బిగించడం కూడా రాదు."

"ముందు జబ్బల మీద కొట్టి ఆయన చేతులు పడగొట్టావు," అంది ఇన్‌స్పెక్టర్. "తర్వాత వెనక్కెళ్లి టేపు బిగించావు. యూనిఫాం కొలతలకని అల్లుడి షాపుకి వెళ్లి కొట్టేసిన టేపు. ఆయన మొహం చూడలేకపోయావా?"

"నాకిస్తానన్న హాలు చివరికి కూతురికి ఇస్తానంటాడా?" సీనియర్ అరిచాడు.

ఛీ! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఇన్‌స్పెక్టర్‌కి అతన్ని ముట్టుకోవాలనిపించలేదు. బేడీలు కానిస్టేబుల్‌నే వెయ్యమంది. అల్లుణ్ణి వదిలెయ్యమని స్టేషన్‌కి ఫోన్ చేసింది.

సీనియర్‌ని గుమ్మం దాటిస్తుంటే కూతురు అడ్డం నిలబడింది.

"ఆ చొక్కా విప్పించండి మేడమ్. మొన్ననే మా ఆయన కుట్టిచ్చాడు."