సోమప్ప బోరు కాడ మూడుకాళ్లది

సోమప్ప బోరు కాడికి పొద్దు మునిగినాక ఎవురూ పోరు. నల్లమాడ పక్క పల్లెల్లో పుట్టి పెరిగినోళ్లకు ఈ మాట చెప్పే పని లేదు. తెలియనోళ్లు ఉంటారు కదా, వాళ్ల కోసం చెప్పేది.

సోమప్ప తన చేన్లో మూడు బోర్లు ఏయించినాడు. మొదటి రెండింట్లో చుక్క లేదు. మూడోది నాలుగు వందల ఇరవై అడుగులు పోయినా తెల్లదుమ్మే లేచింది. వాళ్లమ్మ చెన్నమ్మవ్వ, నీళ్లు పడితే మొదటి బిందె తానే పట్టుకోవాలని, పసుపు పూసిన బిందె ఒళ్లో పెట్టుకొని పొద్దంతా ఆడనే కూర్చునింది. ఆ దుమ్మంతా ఆమె నెత్తిన పడింది. వారం తిరక్కుండానే ముసలామె పోయింది. పోయేముందు "నీళ్లు..." అనిందంట. చెంబు తెచ్చేలోగా కన్ను మూసింది.

సోమప్ప బెంగళూరుకు కూలికి పోయినాడు. బోరు మిగిలింది. నడుమ పైపు, పైపు చుట్టూ సిమెంటు దిమ్మె, పైపు మూతి మీద ఒక రాయి.

అప్పటినుంచి రాత్రిళ్లు ఆ పైపులోంచి "హూ... హూ..." అని వినపడతాది.

గొర్లు కాసే పాపన్న ఒక రాత్రి ఆ దావన పోయినాడు. చంకలో నిండు నీళ్ల సీసా. ఊరు చేరి చూసుకుంటే సీసా ఖాళీ! సీసాకు బొక్క ఉందేమో అని ఒక్కరూ అడగలేదు. చెన్నమ్మవ్వే తాగింది అని ఊరంతా ఒప్పుకునింది. ఆ పక్క పోతే నీళ్ల మాట ఎత్తకూడదు, నీళ్లు తాగకూడదు, దప్పికైనా ఉమ్ము మింగి ఊరుకోవాల...

నల్లమ్మ చేను సరిగ్గా ఆ బోరుకు అవతల ఉండాది.

నల్లమ్మ బిడియం మనిషి. అంగట్లో ఉప్పు అడగాలన్నా నలుగురూ పోయేదాకా ఒక పక్కన నిలబడేది. తీరా అడిగితే అంగడాయన "ఏందమ్మా?" అని మూడుసార్లు అనాల్సిందే. నలభై ఏండ్లు దాటినా ఆమె గొంతు ఎట్లుంటుందో వీధిలో సగం మందికి తెలియదు.

అంగారకుడు భూమికి ఎన్నడూ లేనంత దగ్గరికి వచ్చినాడని పేపర్లలో రాసినారే, ఆ యేడు. శెనక్కాయ విత్తినాక వాన మొహం చాటేసింది. చెట్టుకు ఊడలు మట్టిలోకి దిగి కాయ పట్టే టయం. నల్లమ్మ బోర్లో రెండించుల నీళ్లు ఉండాయి గానీ, త్రీ ఫేజు కరెంటు వారం పగలు, వారం రాత్రి. ఆ వారం రాత్రి పదకొండుకు వచ్చి తెల్లారుజామున అయిదుకు పోతాది. ముప్పై రెండు మళ్లు. ఆ రాత్రి తడి అందితే కాయ. అందకపోతే పశువుల మేతకు ఎండుకట్టె.

మొగుడు రామాంజులుకు మూడు దినాలుగా జరం.

"నేను లేస్తాలే," అన్నాడు దుప్పట్లోంచి. లేయలేదు.

"వద్దు, పండుకో."

"అమావాస్యే ఈ పొద్దు... సోమప్ప బోరు కాడ బిరబిరా పో. ఎనక్కి చూడొద్దు. నీళ్ల మాట ఎత్తొద్దు."

"నీళ్లు కట్టేదానికే కదా పోతాండేది."

"అదే... ఆ మాటే అనొద్దంటాండా!"

నల్లమ్మ నెత్తి మీదుగా గొంగడి కప్పుకునింది. భుజాన పార, ఒక చేతిలో తాగేదానికి చెంబుడు నీళ్లు, ఇంకో చేతిలో బ్యాటరీ లైటు. లైటులో సెల్లులు అయిపోవచ్చినాయి. కొడితే మిణుగురు పురుగంత వెలుగు వస్తాది, లేదా అదీ రాదు.

ఊరు దాటింది. వంక దాటింది. చుక్కలు తప్ప ఇంకేమీ లేవు. దక్షిణం పక్క ఒక చుక్క మాత్రం నిప్పు కణం మాదిరి ఎర్రగా, లావుగా ఉంది. నల్లమ్మ దాన్ని చూడలేదు. కాళ్లనే చూసుకుంటా నడిచింది. కాలి మెట్టెలు రాళ్లకు తగిలి టిక్... టిక్... మంటాండాయి.

"హూ..."

వచ్చేసింది సోమప్ప బోరు.

చూడకూడదనుకునింది. చూసింది.

దిమ్మె మీద ఏదో నిలబడి ఉండాది...

మనిషంత ఎత్తు. మూడు కాళ్లు! సన్నగా, వెడల్పుగా చాపిన మూడు కాళ్లు. పైన పొడుగాటి మెడ. ఒక పక్క ఒకే ఒక చెయ్యి కిందికి వేలాడతాండాది, దాని చివర పిడికిలి. తల లేదు. మెడ చివర గుండ్రంగా నోరు... ఆకాశం పక్కకు తెరుచుకొని.

నల్లమ్మ బ్యాటరీ నొక్కింది. ఎలగలేదు.

ఎనక్కి పోదామా? పోతే... ముప్పై రెండు మళ్లు. సాయంత్రం ఆమె చూసినప్పుడు ఆకులు ముడుచుకొని, బిడ్డలు మొహాలు ముడుచుకున్నట్టు ఉండాయి.

"అవ్వా..." అనింది. గొంతు పెదవులు కూడా దాటలేదు.

అంతే... ఆ మూడుకాళ్లది మెల్లగా మెడ వంచింది.

కిర్ర్... ర్... ర్...

నోరు కిందికి వచ్చింది. ఇంకొంచెం వచ్చింది. నల్లమ్మ ఎదురొమ్ము కాడికి వచ్చి ఆగింది. వాన కోసం పైకి చూసీ చూసీ, ఇంక లాభం లేదని మనిషి పక్కకు తిరిగినట్టు.

భయం ఉండాది, లేదని కాదు. కానీ దాని కంటే ముందు నల్లమ్మకు పాపం అనిపించింది. చచ్చినాక కూడా దప్పికేనా ముసలామెకు! ఈ నేల మీద పుట్టినందుకు ఇంత శిక్షా!

చెంబు ఎత్తింది. ఆ నోట్లో మెల్లగా పోసింది.

గుట... గుట... గుట...

"తాగవ్వా... మెల్లగా తాగు. పొరబోతాది."

సగం చెంబు అయింది. ఆపింది.

"ఇంకొంచెం..." అని గుసగుస వినపడింది.

నల్లమ్మ ఈసారి ఆపలేదు. చెంబంతా ఒంపేసింది. ఆ మెడ మళ్లా మెల్లగా, తృప్తిగా, కిర్రుమంటా పైకి లేచింది. చెంబెత్తి తాగినోళ్లు తల పైకెత్తినట్టే.

"తాగినావు కదవ్వా," అనింది నల్లమ్మ. "నా చేను గూడా నీ మాదిరే నోరు తెరుచుకొని ఉండాది. తెల్లారేలోగా ముప్పై రెండు మళ్లూ తడవాల. అంతే. నాకు ఇంకేం వద్దు."

అప్పుడు... కానుగ పొద చాటు నుంచి...

"అయ్యో ప్రభువా! నా అద్దం!"

నల్లమ్మ అరిచింది. పుట్టినప్పటినుంచి దాచుకున్న గొంతంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. ఊర్లో కుక్కలు మొరిగినాయి. పొదలో నుంచి లేచినోడు ఆమె అరుపుకు జడిసి ఇంకా గట్టిగా అరిచినాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటా, ఊపిరి అయిపోయేదాకా అరిచినారు.

"యేసన్నా? నువ్వా!"

"నల్లమ్మక్కా? నేను చెన్నమ్మవ్వ అనుకుంటినే!"

యేసన్న పక్క ఊరోడు. బోర్లలోకి మోటార్లు దింపేది, ఎత్తేది ఆయన పని. నల్లమ్మ బోర్లో మోటారు దింపింది గూడా ఆయనే.

"మెట్టెల సప్పుడు వినపడె. నల్లగా, తలకాయ లేకుండా, చెంబు పట్టుకొని వస్తాంటివి... నేను కంబళి కప్పుకొని పొదలో దూరితి."

"మీ చర్చోళ్లకు దెయ్యాలు లేవంటివే పోయినసారి?"

"లేవక్కా. పగలు లేవు."

ఆ మూడుకాళ్లది ఏందో అప్పుడు చెప్పినాడు. దుర్బీను. చుక్కల్ని దగ్గరగా చూసేది. అనంతపురంలో ఎవరో సారు నేర్పిస్తే, పళ్లెమంత గాజుబిళ్లను ఆరు నెలలు చేత్తో అరగదీసి అద్దం చేసుకున్నాడంట. మెడ అంటే బోరు పైపు ముక్క, అడుగున మూత, మూతలో అద్దం. ఇంతకుముందు కట్టెతో స్టాండు చేస్తే అది కల్లు తాగినోని మాదిరి ఊగేది, చందమామ చూస్తే చందమామ గూడా ఊగేది. ఇప్పుడు కొత్తది చేసినాడు. మోటార్లు ఎత్తే ఇనప పైపులతో మూడు కాళ్లు, పాత బేరింగుతో మెడ తిరిగే కీలు, బరువు సరిపోయేదానికి ఒక పక్క గుడ్డలో కట్టి ఏలాడదీసిన రాయి.

"అంగారకుడు మళ్లీ ఇంత దగ్గరికి మన కాలంలో రాడక్కా. ఈ పొద్దే చూడాల. ఈడ దిమ్మె సమంగా ఉండాది, దీపం లేదు, మనిషి రాడు. స్టాండు పని చేస్తాదా లేదా చూద్దామని తెచ్చినా. అక్కా, దీన్ని ఒకసారి బిగిస్తే ఎద్దు పొడిసినా కదలదు!"

"ఇప్పుడే కదా వంగింది?"

యేసన్న తడిమి చూసినాడు. "ఒక్క నట్టు... బిగించేలోగా నువ్వొస్తివి. అందుకే మూతి వాలింది. నువ్వు పోసిన నీళ్లు అడుక్కు దిగినాయి, బరువుకు మూతి మళ్లా లేసింది. అంతే."

"మరి ఆ హూ...?"

"ఎండిన బోర్లో గాలి అక్కా. ఎన్ని చూడలేదు నేను!"

నల్లమ్మకు నవ్వొచ్చింది. సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. దుర్బీనుకు నీళ్లు తాపి, వరం అడిగినానే!

అంతలో అవతల మోటరు గదిలో బుడ్డి బల్బు ఎలిగింది. కరెంటు!

ఉరికింది. పచ్చ బటన్ నొక్కింది. మోటరు గుర్రుమనింది. పైపు దగ్గి, గాలి కక్కి, నీళ్లు వదిలింది. మొదటి మడికి పార ఏసి నీళ్లు తిప్పింది. ఒక మడి నిండేదానికి పది నిమిషాలు. నిండినాక గట్టులో మట్టి తీసి మడవ, అంటే నీళ్ల దారి, తిప్పితేనే నీళ్లు పక్క మడికి పోతాయి. తిప్పకపోతే ఒక్క మడే చెరువు అయి, మిగిలినవన్నీ ఎండుతాయి.

"అక్కా! రా, రా! నీళ్లు ఒంపేసి తుడిచినా, ఆరిపోయింది అద్దం! ఒక్కసారి చూసి పో!"

పది నిమిషాలు ఉండాయి కదా అని పోయింది.

యేసన్న నట్లన్నీ బిగించి, ఒకటికి రెండుసార్లు ఊపి చూపించినాడు. "చూడు. కదులుతాదేమో చూడు. కదలదు!"

నల్లమ్మ కన్ను పెట్టింది. నల్లటి చీకటి మధ్యలో శెనగ గింజంత ఎర్రటి ఉండ. ఉలుకు లేదు, పలుకు లేదు. నిలబడి ఆమెనే చూస్తాండాది.

"ఆడ గూడా ఎర్రమట్టేనా?"

"ఎర్రమట్టే అక్కా."

"వానలు?"

"యాడివి? కోట్ల ఏండ్లుగా లేవంట."

"పాపం... బోర్లేమన్నా ఏయించినారా?"

"ఇంకా లేదు."

నల్లమ్మ కన్ను తీయకుండానే అనింది: "అంతా బాగుండాది గానీ యేసన్నా... అద్దం తడుస్తాందని తెలిసీ, ఇంకొంచెం పొయ్యమంటివే నువ్వు?"

"ఎవురు?"

"నువ్వే. పొద చాటునుంచి 'ఇంకొంచెం' అంటివి కదా."

"నేనా..." యేసన్న పొద పక్కకు తిరిగి చూసినాడు. "నేను కంబళి నోట్లో కుక్కుకొని ఉంటినక్కా. అరుపు వస్తాదేమో అని."



హూ... అనే సప్పుడు ఆగిపోయి ఉంది. ఎప్పుడు ఆగిందో ఇద్దరికీ తెలియదు.

ఆ నిశ్శబ్దంలో, కాళ్ల కాడ, బోరు పైపు లోపల్నుంచి... కడుపు నిండినోళ్లు త్రేన్చినట్టు...

"బ్రేవ్!"

ఎవరు ఎటు ఉరికినారో చూసినోళ్లు లేరు. యేసన్నకు ఆరు నెలలు అరగదీసిన అద్దం గుర్తుకు రాలేదు. నల్లమ్మకు ఇంటి తలుపు గడియ పెట్టి, రామాంజులు దుప్పట్లో దూరినాక గానీ పారుతాండే నీళ్లు గుర్తుకు రాలేదు.

"ఏమైంది?" అన్నాడు రామాంజులు.

"ఏం లేదు. పండుకో."

పండుకోలేదు ఆమె. ఒక్క మడి చెరువు అయి ఉంటాది. ముప్పై ఒక్క మళ్లు ఎండి ఉంటాయి. ఎనక్కి పోదామని మూడుసార్లు గడియ మీద చెయ్యి పెట్టింది. మూడుసార్లు తీసేసింది. ఆడ పోయింది సంవత్సరం కష్టం, నా పిరికితనంతో పోయింది అని కొంగు కొరుక్కుంటా తెల్లారించింది.

వెలుగు రాకముందే ఏడుపు మింగుకుంటా చేనికి ఉరికింది. దావలో యేసన్న కలిసినాడు. కండ్లు ఎర్రగా ఉండాయి, చంకలో బైబిలు ఉండాది.

మొదటి మడి తడి.

రెండోది... తడి!

నల్లమ్మ గట్ల మీద ఉరికింది. అయిదు, పది, ఇరవై... ముప్పై రెండో మడి దాకా నేల నల్లగా నానిపోయి ఉంది. శెనక్కాయ ఆకులు విప్పుకొని ఉండాయి. ప్రతి మడికీ మడవ తిప్పి, మట్టి ఏసి, సేద్యం తెలిసినోళ్లు చేసినట్టు నున్నగా తట్టి ఉంది.

కాలి గుర్తులు ఎతికింది. మనిషి అడుగు ఒక్కటీ లేదు. ప్రతి మడవ పక్కనా బురదలో గుండ్రటి గుంతలు... మూడు. మళ్లీ మూడు. మళ్లీ మూడు.

ఇద్దరూ సోమప్ప బోరు కాడికి నడిచినారు.

దుర్బీను పెట్టినచోటే ఉంది. నోరు ఆకాశం పక్కకు తెరుచుకొని, ఏమీ ఎరగనట్టు. కింద దిమ్మె ఎండిపోయి ఉంది, చుట్టూ దుమ్ము. కానీ ఆ మూడు కాళ్లకూ మోకాళ్ల దాకా పచ్చి బురద. ఇంకా ఆరలేదు.

యేసన్న వంగి నట్లు తడిమి చూసినాడు. అన్నీ బిగించినట్టే ఉండాయి.

అడిగింది నల్లమ్మే. ఊరికంతా వినపడేంత గట్టిగా అడిగింది.

"ఏం యేసన్నా... ఇది కదలదంటివే!"