మూగ సేఠ్

చరణ్‌తేజ్‌ని చంపినవాళ్ళు అతని బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి వాటిలో పెట్టి, కారు పక్కన సర్ది మరీ వెళ్ళారు. గల్ఫ్ ఎడారిలో మఫ్రఖ్ ఊరు దాటాక ఇసుకలో ఆగిన అద్దె కారు అది. చూసినవాళ్ళు గుండెపోటు అనుకున్నారు. సిద్ధార్థ్ అనుకోలేదు. గుండెపోటు వచ్చినవాడు మేజోళ్ళు మడవడు.

సిద్ధార్థ్‌కి పిలుపు ఆ మర్నాడే వచ్చింది. బనియాస్‌లో మలబారీ టీ కొట్టు మీది గది. ఎదురుగా జగన్మోహనరావు. లోకం దృష్టిలో ఆయన ఏసీ డక్టుల కంపెనీ ముదీర్, అంటే మేనేజర్, సిద్ధార్థ్ ఆ కంపెనీలో సేల్స్ ఇంజనీర్. అసలు సంగతి, గల్ఫ్‌లో మన రహస్య విభాగానికి ఆయన పెద్ద, ఇతను ఏజెంటు, పోయిన చరణ్‌తేజ్ కూడా.

"మనోళ్ళ పేర్లు ఎవడో అమ్ముతున్నడు," అన్నాడు జగన్మోహనరావు. "బయటోడు కాదు. లోపలోడే."

కొంటున్నవాడు గుస్తావ్. యూరప్ కొండల్లో ఎప్పుడో సన్యాసులు కట్టిన డిస్టిలరీని రాయి రాయి విప్పించి, ఓడలో రస్ అల్ ఖైమాకి తెచ్చి మళ్ళీ నిలబెట్టిన ఘనుడు. రెండు వేల ఆరో సంవత్సరం. ఎడారిలో డబ్బు పెడితే మంచు కూడా దొరుకుతున్న రోజులు కనక ఎవరూ ఆశ్చర్యపోలేదు. ముప్పై మూలికలతో అక్కడ కాచే ఆకుపచ్చ లికర్ పెద్ద హోటళ్ళకీ, ఓడలకీ పోతుంది. దాని చాటున గుస్తావ్ అసలు వ్యాపారం ఏజెంట్ల ప్రాణాలు.

ఆ డిస్టిలరీలో మనకొక ఇన్‌ఫార్మర్ ఉన్నాడు. ఎవరో చరణ్‌తేజ్‌కి ఒక్కడికే తెలుసు, అది చెప్పకుండానే పోయాడు. ఆ ఇన్‌ఫార్మర్ గుస్తావ్ స్పీకర్ ఫోన్‌లో ద్రోహి గొంతు విన్నాడు. మళ్ళీ వింటే గుర్తుపడతాడు. అందుకే జగన్మోహనరావు గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళందరి గొంతులూ రికార్డు చేసి ఒక పెన్నులో ఎక్కించాడు. కోడ్ చెప్పి మనిషిని పట్టుకోవాలి, పెన్ను వినిపించాలి, క్షేమంగా బయటికి తేవాలి. మిగిలిన పేర్లన్నీ ఇవాళే చేతులు మారబోతున్నాయని కబురు.

ఒక హెచ్చరిక కూడా చేశాడు. అక్కడ సంజన అని ఒకతె ఉంది. విశాఖపట్నం పిల్ల, ఒకప్పటి ఎయిర్ హోస్టెస్, గుస్తావ్‌కి కుడిచెయ్యి. చరణ్‌తేజ్‌ని చంపించింది ఆమేనట.

"నేను గూడ వస్త," అన్నాడు చివర్న. "హైదరాబాద్ హోటళ్ళ సేఠ్‌ని. గొంతు ఆపరేషన్ అయినోన్ని, మాట్లాడ. నువ్వు నా అన్న కొడుకువి."

సిద్ధార్థ్ గుండె నిండిపోయింది. తండ్రి పోయాక తనని చేరదీసి, ఉద్యోగంలో పెట్టి, భార్య ఆదిలక్ష్మమ్మ చేత కొసరి కొసరి అన్నం పెట్టించిన మనిషి. ఈ వయసులో తనకోసం ప్రాణానికి తెగించి వస్తున్నాడు. ఆ మనిషి కోసం ఏమైనా చెయ్యొచ్చు అనుకున్నాడు.

డిస్టిలరీ గేటు దగ్గర ఫోన్లూ, లైటర్లూ తీసుకున్నారు. లోపల గాలి నిండా ఆల్కహాల్ ఆవిరి, ఒక్క నిప్పురవ్వ పడితే అంతా ఖలాస్ అన్నాడు గార్డు హిందీలో. డ్రైవర్ ఏసురాజు బండి నీడన పెట్టుకుని బయటే ఉండిపోయాడు.

సంజన ఎదురొచ్చింది. నల్ల సూటు, పొడుగాటి మెడ, దారి అడగడానికి వచ్చినవాడు దారి మర్చిపోయే నవ్వు. మెడకి మఫ్లర్ చుట్టుకున్న సేఠ్‌కి వంగి నమస్కారం పెట్టింది. సేఠ్ తల ఊపాడు. ఆమె ముందు నడుస్తూ కప్పు నుంచి వేలాడుతున్న మూలికల కట్టలూ, నల్లబడిన ఓక్ పీపాలూ, ఆ పాత గోడల రాళ్ళమీద అరబిక్‌లోనూ లాటిన్‌లోనూ వేసిన నంబర్లూ చూపించింది. బట్టీలోంచి మొదట దిగేది విషమనీ, దాన్ని పారబోసి నడిమి ధారే పడతారనీ చెప్పింది. ఇంత అందంగా చెప్పే నోరు చరణ్‌ని చంపించిందా అని సిద్ధార్థ్‌కి ఒళ్ళు మండింది.

మూలికలు ఏరుతున్న అమానుల్లా అనే పనివాణ్ణి కోడ్ ప్రశ్న అడిగాడు. అతను నవ్వి, తనకి తెలీదన్నాడు. రాగి బట్టీల గదిలో ఆపరేటర్ దగ్గర ఆగి మళ్ళీ అడిగాడు.

"ఇందులో మరువం వేస్తారా?"

ఆపరేటర్ బుర్ర గోక్కున్నాడు. జవాబు వెనకనుంచి వచ్చింది.

"మా అమ్మమ్మ అయితే దవనం వేసేదండి."

సిద్ధార్థ్ గిరుక్కున తిరిగాడు. సంజన. కోడ్‌కి జవాబు అక్షరం పొల్లుపోలేదు. చంపించిందనుకున్న మనిషే చరణ్ నమ్మిన మనిషి.

ఆమె ఆపరేటర్‌ని భోజనానికి పంపి తలుపు మూసింది. పెన్నుకి ఇయర్‌ఫోన్ తగిలించి వింది. ఒక్కో గొంతుకీ తల అడ్డంగా ఊపుతూ చివరిదాకా వచ్చింది.

"వీళ్ళెవరూ కాదండి," అంది.

సిద్ధార్థ్ పెన్ను తీసి జేబులో పెట్టుకున్నాడు. జగన్మోహనరావు అతని భుజం తట్టి, బల్లమీదున్న టేస్టింగ్ జగ్గు అందుకున్నాడు. వాళ్ళకి వీపు తిప్పి మూడు గ్లాసుల్లో పోశాడు. ఒకటి సంజనకి, ఒకటి సిద్ధార్థ్‌కి ఇచ్చి, తనది పైకెత్తి ఆకాశంకేసి చూపించాడు. చరణ్‌తేజ్ పేరున అన్నమాట. సంజన కళ్ళు చెమర్చాయి. గ్లాసు పెదవుల దాకా ఎత్తింది.

సిద్ధార్థ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడో అతనికే ఒక్క క్షణం తెలీలేదు. తర్వాత తెలిసింది. జగన్మోహనరావు గ్లాసులో వేలు ముంచలేదు. ఆయన మందు ముట్టాడంటే ముందు వేలు ముంచి నాలుగు చుక్కలు నేలమీద చిలకరించాల్సిందే, భూదేవికి పెట్టకుండా తాగడు. పెద్దాఫీసర్ల పార్టీలో ఖరీదైన కార్పెట్ మీద కూడా చిలకరించి తిట్లు తిన్న మనిషి. అలాంటివాడు ఇవాళ ముంచలేదంటే ఈ గ్లాసు తాగడు. ఇందులో విషం ఉంది, వేలు పెట్టడానికి కూడా జంకుతున్నాడు.

పెన్నులో అందరి గొంతులూ ఉన్నాయి, రికార్డు చేసినవాడిది తప్ప. ఆయన మూగవేషం ఎందుకు కట్టాడో అప్పుడు అర్థమైంది. ఇన్‌ఫార్మర్‌ని వెతికి పెట్టడానికే తనని తెచ్చాడు.

"ముందు మీరు తాగుండ్రి సార్," అన్నాడు. "ఒక్క గుక్క. తర్వాత నేను తాగుత."

జగన్మోహనరావు తాగలేదు. గ్లాసు బల్లమీద పెట్టాడు.

"తెలివి నేర్పింది నేను," అన్నాడు. "నా మీదనే వాడుతున్నవ్ రా."

సంజన చేతిలో గ్లాసు జారి పగిలింది.

"ఈ గొంతేనండి."

మఫ్లర్ మడతలోంచి చిన్న పిస్టల్ బయటికి వచ్చింది. అది మొదట సంజనవైపు తిరిగింది. గుస్తావ్ మేడమీద ఎదురుచూస్తున్నాడనీ, పేర్లు ఇచ్చేశాక సాయంత్రానికి ఓడ ఎక్కుతాననీ, మిషన్‌లో ఇద్దరు పోయారని రిపోర్టు వెళ్తుందనీ జగన్మోహనరావు మామూలుగా, డక్టుల కొటేషన్ చెప్పినట్టు చెప్పాడు. ఆయన మాటల్లో ఉండగా సంజన వెనక్కి జరిగి, నడిమి ధార పట్టే తొట్టి కుళాయిని మోచేత్తో తిప్పేసింది. ముడి స్పిరిట్ నేలమీద పారి ఆయన బూట్లు తడిపింది. ఘాటుకి ముగ్గురి కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

సిద్ధార్థ్ ఒక అడుగు వేసి ఆమెకి అడ్డం నిలబడ్డాడు.

"కాల్చుండ్రి సార్. ముగ్గురం కలిసే పోదాం."

జగన్మోహనరావు వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. సగం దాకా నొక్కాడు. కళ్ళు ఒక్కసారి తడిసిన నేలమీదికి దిగాయి. చావంటే ఆయనకి అంత భయమని సిద్ధార్థ్‌కి అప్పుడే తెలిసింది. ఆ లిప్తలో సంజన చేతిలోని, మూలికలు కలిపే రాగి గరిటె ఆయన మణికట్టు మీద పడింది, రెండో దెబ్బ చెవి వెనక పడింది. పిస్టల్ పేలకుండానే తడిలో పడింది. పడిపోతున్న మనిషిని సిద్ధార్థ్ అలవాటుకొద్దీ చేతులతో పట్టుకున్నాడు.

మూలికల లారీలు వచ్చే వెనక గేటులోంచి బయటపడ్డారు. గల్ఫ్‌లో మనవాళ్ళ పేర్లన్నీ జగన్మోహనరావు తలలోనే ఉన్నాయి, ఆ తల ఇప్పుడు ఏసురాజు బండి వెనక సీట్లో వాలి ఉంది. సేఠ్‌గారికి ఏమైందని అడుగుతూనే ఏసురాజు బండి తీశాడు. మేడమీద గుస్తావ్ ఇంకా ఎదురుచూస్తూనే ఉండి ఉంటాడు.

చాలా దూరం పోయాక సంజన నెమ్మదిగా చెప్పింది. ఫోన్‌లో ఆఖరిసారి బేరం మీ గురించేనండి అంది. "ఒకడు నాకు కొడుకులాంటోడు, వాడి పేరుకి రేటెక్కువ పెట్టాలి అన్నారు."

సిద్ధార్థ్ కిటికీలోంచి ఇసుక చూస్తూ కూర్చున్నాడు. ఇంకెవరు ఎంతకి అమ్మినా బాధపడేవాడు కాదు. ఆ ఇంట్లో తిన్న అన్నమంతా గుర్తొచ్చింది, కళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

బండిలోని శాటిలైట్ ఫోన్ మోగింది. ఢిల్లీ. విషయమంతా విని అవతలి అధికారి శభాష్ అన్నాడు, ముద్దాయిని ఓడరేవులో మనవాళ్ళకి అప్పగించమన్నాడు. రిపోర్టు మాత్రం ప్రొసీజర్ ప్రకారం నీ పై అధికారి చేత సంతకం చేయించి పంపమని గట్టిగా చెప్పాడు.

సిద్ధార్థ్ వెనక్కి తిరిగి చూశాడు. మఫ్లర్‌తో చేతులు బిగించి కట్టిన జగన్మోహనరావు కళ్ళు తెరిచి అతన్నే చూస్తున్నాడు.

"ఆయన ఇక్కడే ఉన్నారు సార్," అన్నాడు సిద్ధార్థ్ ఫోన్‌లో. "సంతకానికి కట్లు విప్పాలి. పర్మిషన్ ఇస్తారా?"