గోడ తడితే పలకొద్దు

ఆ మ్యూజియంలో చివరి హాలుకి ముందునుంచీ చెడ్డపేరే. పొద్దుగూకాక అక్కడ గోడ తడుతుందంటారు. ఎవరో వేలి కణుపులతో తట్టినట్టు... టక్... టక్... కాసేపు ఆగి, మళ్ళీ టక్.

మ్యూజియం కాకముందు అది జైలు. చివరి హాలు ఉన్నచోట ఒంటరి ఖైదు గదులుండేవి. నోరు విప్పితే కొరడా దెబ్బలు కాబట్టి, ఖైదీలు గోడ తట్టి ఒకరినొకరు పలకరించుకునేవారట. పక్కగది వాడు పోయాడని తెలీక ఒకడు జవాబు కోసం తడుతూ, తడుతూ, చివరికి తానూ పోయాడట. తర్వాత జైలు ఎత్తేశారు, గదుల మధ్య గోడలు తీసేశారు, కొత్తరకం బొమ్మలు తెచ్చి పెట్టారు. తట్టేవాడికి మాత్రం విడుదల దొరకలేదు.

కొత్తరకం బొమ్మలంటే తెలుసుగా... ఏది బొమ్మో ఏది చెత్తో తేల్చుకోవడం మనలాంటివాళ్ళ వల్ల కాదు. ఒకసారి కప్పు కారుతోందని కింద బకెట్ పెడితే, జనం దాని చుట్టూ చేరి, తలలాడించి, ఫోటోలు తీసుకుని వెళ్ళారు. అందుకే పనిలో చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్తారు, దేన్నీ ముట్టుకోవద్దని. వాచ్‌మన్ తాత ఇంకోటి కలిపి చెప్తాడు.

"గోడ తడితే పలకొద్దు. తిరిగి తట్టొద్దు. చేతిలో ఏ పనుంటే అది గట్టిగా చప్పుడయ్యేట్టు చేసుకోండి. దానంతటదే పోతుంది."

వడ్రంగి ఆ మాట నవ్వుతూనే విన్నాడు. కానీ విన్నాడు.

పాత కట్టడం కాబట్టి రాతిగోడకి ఒక్క మేకు కూడా దిగకూడదు. దానికి మూరెడు ఎడంగా చెక్కపలకలతో ఇంకో గోడ కట్టి, తెల్లరంగు వేసి, బొమ్మలు దానికి తగిలిస్తారు. రెండు గోడల మధ్య సందులో మనిషి పక్కకి తిరిగి నడవొచ్చు. దీపాల తీగలన్నీ ఆ సందులోంచే పోతాయి. చెక్కగోడ వడ్రంగి పని. సందులో దూరి తీగలు లాగడం అతని చెల్లెలి మొగుడి పని. బావలిద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఎత్తిపొడుచుకోకుండా ఒక్క పూట గడిపిందీ లేదు, ఒకళ్ళు లేకుండా ఇంకొకళ్ళు పని ఒప్పుకున్నదీ లేదు.

ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉంది. సందులోకి దూరేవాడు చెప్పులు బయట, పలక తీసిన చోట, విడిచి వెళ్ళాలి. చెప్పులుంటే మనిషి లోపలున్నట్టు. చెప్పులుండగా పలక బిగించకూడదు. ఆ కట్టుబాటు పెట్టింది వడ్రంగే.

ఆసారి హాలు నడుమ చెప్పుల గుట్ట పోశారు. ఎవరో ఆర్టిస్టు ఊరూరా తిరిగి పాతచెప్పులు ఏరుకొచ్చి, కుప్ప పోసి, దానికో పేరు రాసి పెట్టింది. తెల్లారితే జనం వస్తారు. మధ్యాహ్నం బావలిద్దరూ దేనికో మాటామాటా అనుకున్నారు. చిన్నదే... పని ఎవరివల్ల ఆలస్యమైందని. మూతులు ముడుచుకుని చెరో మూలకీ పోయారు.

చీకటి పడుతుండగా వడ్రంగి చివరి పలక పట్టుకుని వచ్చాడు. సందు ముందు చెప్పులు లేవు. అలిగి ఇంటికి పోయాడు కాబోలు అనుకున్నాడు. మామూలుగా అయితే లోపలికి ఒక కేక వేసేవాడు. ఆరోజు అతనికీ అలకే... వెయ్యలేదు.

పలక నిలబెట్టాడు. మొదటి స్క్రూ బిగించాడు. రెండోది జేబులోంచి తీస్తుంటే—

టక్.

చెయ్యి ఆగిపోయింది. హాల్లో ఎవరూ లేరు. చెప్పుల గుట్ట ఉంది, తెల్లగోడ ఉంది.

టక్... టక్...

చాలా నెమ్మదిగా, ఓపిక లేనట్టుగా. వడ్రంగికి తాత మాట గుర్తొచ్చింది. పలకొద్దు. చప్పుడు చెయ్యి. డ్రిల్లు నొక్కిపట్టి, ఆపకుండా, ఉన్న స్క్రూలన్నీ బిగించేశాడు. డ్రిల్లు ఆపేసరికి గోడ నిశ్శబ్దంగా ఉంది. వెనక్కి తిరిగి చూడకుండా ఇల్లు చేరాడు.

రాత్రి చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఆయన మీ ఇంట్లో ఉన్నారా? ఫోను పొద్దున ఇక్కడే మర్చిపోయి వెళ్ళారు... ఇంకా రాలేదు."

"అలిగాడులేమ్మా, వస్తాడు," అన్నాడు. అని, ఫోను పెట్టేసి, అలా నిలబడే ఉండిపోయాడు. తర్వాత చొక్కా కూడా సరిగ్గా తొడుక్కోకుండా పరిగెత్తాడు.

తాత తలుపు తీశాడు. ఇద్దరూ టార్చి వేసుకుని చివరి హాలుకి వెళ్ళారు. వడ్రంగి తెల్లగోడకి చెవి ఆనించాడు. ఏమీ లేదు. వద్దన్న పని చేశాడు... తట్టాడు.

"బావా..."

జవాబు లేదు. లోపల మనిషుంటే చెప్పులుండాలిగా అని తనకి తాను సర్దిచెప్పుకుంటూ వెనక్కి తిరిగాడు. టార్చి వెలుగు చెప్పుల గుట్ట మీద పడింది. అంచున ఒక జత. తెగిన పట్టీకి ఎర్ర కరెంటు తీగ చుట్టి ఉంది.

కొత్తవి కొనుక్కోమంటే, "తీగ ఉండగా చెప్పులు దండగ బావా," అని నవ్వేవాడు.

కొత్తగా చేరిన ఊడ్చే ఆయన పని అది. గోడవార పడున్న జతని చూసి, గుట్టలోంచి జారిపడ్డాయనుకుని, భయభక్తులతో తీసి సర్దాడు పాపం. దేన్నీ ముట్టుకోవద్దన్నారు గానీ, జారినదాన్ని సర్దొద్దని ఎవరూ అనలేదు.

స్క్రూలు విప్పేంత నిదానం వడ్రంగికి లేదు. సుత్తితో తన గోడని తానే పగలగొట్టాడు. బావ సందులో పక్కకి ఒరిగి, కూలబడి ఉన్నాడు. ఒక చెయ్యి చెక్కకి ఆనించి ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

"గుండె ఆగింది," అన్నాడు డాక్టరు. "వెంటనే పోయి ఉండొచ్చు. కాసేపు కొట్టుకుని పోయి ఉండొచ్చు. అలాంటప్పుడు గొంతు కూడా పెగలదు. ఏదీ గట్టిగా చెప్పలేం."

వేలి కణుపులు గీసుకుపోయి ఉన్నాయి. కరెంటు పని చేసేవాడి చేతులు ఎప్పుడు గీసుకుపోకుండా ఉన్నాయి గనక!

వడ్రంగి ఆ మాట కడుపులో దాచుకోలేకపోయాడు. చెల్లెలి దగ్గర కూర్చుని చెప్పేశాడు. "తట్టడం విన్నానమ్మా. దెయ్యమనుకున్నాను." చెల్లెలు లేచి లోపలికి వెళ్ళింది. ఆ తర్వాత అన్నతో మాట్లాడలేదు. ఊడ్చే ఆయన భయపడి పని మానేస్తే, ఆ పని ఆమెకిచ్చారు.

అప్పటినుంచి వడ్రంగికి ఒకటే పని. రోజూ చీకటిపడే వేళకి చివరి హాలుకి రావడం, గోడ తట్టడం... టక్... టక్... చెవి ఆనించి నిలబడటం. దెయ్యం ఉందంటే అందరికీ భయం, అతనికి లేదంటే భయం. ఆరోజు తట్టింది దెయ్యమే అయితే, తను బావని చంపుకోలేదు. గోడ మాత్రం పలకలేదు. తిండి మానేశాడు, చిక్కి సగమయ్యాడు. "మీ అన్నయ్య నాకు దక్కేలా లేరు," అని వదిన వచ్చి ఏడిస్తే, చెల్లెలు చీపురు పట్టుకుని వింటూ నిలబడింది, అంతే.

ఒకరోజు ఎప్పటిలాగే అతను తట్టాడు.

టక్... టక్...

కాసేపు నిశ్శబ్దం. తర్వాత లోపలినుంచి, నెమ్మదిగా—

టక్.

వడ్రంగి చుట్టూ చూశాడు. గోడవార చెప్పులు లేవు. మనిషి లేడు! మళ్ళీ తట్టాడు. మళ్ళీ పలికింది.

"ఉన్నావా నాయనా..." గోడని కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఆరోజు కూడా నువ్వేగా... నువ్వేగా..." కళ్ళు తుడుచుకుంటూ ఇంటికెళ్ళి, ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాడు.

అతను వెళ్ళాక, పగిలినచోట స్క్రూలు లేకుండా ఊరికే ఆనించి పెట్టిన పలక మెల్లగా కదిలింది. గుమ్మం దగ్గరున్న తాత టార్చి అటు తిప్పాడు. సందులోంచి పక్కకి తిరిగి చెల్లెలు బయటికొచ్చింది. జుట్టునిండా బూజు. పలక మూసి, చాలాసేపు దాన్ని ఆనుకుని నిలబడింది.

"తాతా," అంది గుసగుసగా, "బయటికి దెయ్యం తట్టినట్టే వినిపించిందా?"

"అచ్చం దెయ్యంలానే వినిపించిందమ్మా."

ఆమె తల ఊపింది. చెప్పుల గుట్ట దగ్గరికి వెళ్ళి, అందులోంచి తన జత తీసుకుని, తొడుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది.